బ్యాటరీ కొనకముందు ఒక మాట

ఈ వారం అయ్యగారు ఇంజను గురించి రాస్తున్నారేమిటని కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. డిసెంబరు వచ్చింది. చింతపల్లి, లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి సంతకు బయల్దేరాల్సిన పికప్ బండ్లు ఒక్కొక్కటీ "ఊఁ... ఊఁ... ఊఁ..." అని మూలుగుతుంటే, దుప్పటి కింద పడుకున్న ఊరంతా వింటుంది. ఆ మూలుగు ఎవరి బండిదో గుర్తుపట్టగలిగేంతగా మనకు అలవాటైపోయింది.

అది నవ్వులాట కాదు. ఆరింటికి నర్సీపట్నం చేరిన టమాటాకు ఒక ధర, తొమ్మిదింటికి చేరినదానికి ఇంకో ధర. ఆ తేడా బండివాడిది ఒక్కడిదే కాదు. వెనక బుట్టలు ఎక్కించిన పదిమంది రైతులది. రాత్రివేళ నొప్పులు మొదలైన ఆడబిడ్డను కొండ దింపాల్సి వస్తే, అంబులెన్సు ఎక్కిరాలేని చోట్లలో మనకున్నది ఆ పాత పికప్పే. కాబట్టి దాని సెల్ఫ్ ఎందుకు మెల్లగా తిరుగుతుందో తెలుసుకోవడం డ్రైవరు ఒక్కడి పని అని నేను అనుకోను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊళ్ళలో చలికాలంలో కొనే కొత్త బ్యాటరీల్లో చాలా వాటితో అసలు అవసరమే లేదు. బండి స్టార్ట్ కాలేదన్న భయంతో, ఏదో ఒకటి చేశామన్న తృప్తి కోసం కొంటున్నాం. దీనికి మెకానిక్కును దొంగ అనడం తేలిక. నేను అలా అనను. తప్పు ఎక్కువగా మనం డబ్బిచ్చే పద్ధతిలో ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు బండి దగ్గరికి వెళ్దాం.

సైకిల్ పంపుతో గాలి కొట్టిన ప్రతివాడికీ తెలుసు, పది సార్లు గట్టిగా కొడితే పంపు అడుగు భాగం వేడెక్కుతుంది. డీజిలు ఇంజను అంతా ఆ వేడి మీదే నడుస్తుంది. పెట్రోలు బండిలో లాగా నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఇందులో లేదు. గాలిని దాదాపు పద్దెనిమిదో వంతుకు నొక్కేస్తే అది డీజిలును మండించేంత వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిలును పొగమంచులా చిమ్ముతుంది, అదే అంటుకుంటుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజను సూత్రమే ఇవాళ మన కొండ ఎక్కే బండిలోనూ ఉంది.

ఇప్పుడు ఆ పంపునే చాలా నెమ్మదిగా నొక్కి చూడండి. వేడెక్కదు. గాలి పక్కల నుంచి జారిపోతుంది, పుట్టిన కాస్త వేడినీ చల్లటి ఇనుము తాగేస్తుంది. డీజిలు బండికి సెల్ఫ్ వేగం అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే. ఇంజనులో ఏ లోపమూ లేకపోయినా, మెల్లగా తిప్పితే చలిలో అంటుకోదు. దీన్ని చూసి "ఇంజను పోయింది" అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఎంత ఖరీదైనదో చెబుతాను.

మనవాళ్ళు "బండి లేటుగా స్టార్ట్ అవుతోంది" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అందులో రెండు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఒకటి, సెల్ఫ్ నీరసంగా తిరగడం. రెండోది, సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడం. మొదటిది కరెంటు జబ్బు, రెండోది చాలావరకు డీజిలు జబ్బు. చెవి పెట్టి వింటే చాలు, తెలిసిపోతుంది. ఈ తేడా చెప్పకుండా ఫోనులో మెకానిక్కును పిలిస్తే అతను మాత్రం ఏం తెస్తాడు? బ్యాటరీయే తెస్తాడు.

మొదటి జబ్బు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనల్ని ఎక్కువగా దోచేది ఇదే.

మన దగ్గరికి వచ్చే ఒక తమ్ముడికి పాత బొలెరో పికప్ ఉంది, ఆ 2523 సి.సి. డీఐ ఇంజనుది. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాడు. మార్చిన రెండు వారాలు బాగుండేది, మళ్ళీ మూలుగు. చివరికి సెల్ఫ్ మోటారు కూడా విప్పించి బ్రష్షులు వేయించాడు. అప్పుడూ అంతే. "అయ్యగారూ, ఇంజను పట్టేస్తోందంటున్నారండి, వచ్చిన కాడికి అమ్మేస్తానండి" అన్నాడు. ఇంకా ఏడు కిస్తీలు మిగిలి ఉన్నాయి. కొంటానన్నవాడు చెప్పిన ధర ఆ కిస్తీలకు కూడా సరిపోదు.

నర్సీపట్నంలో సెల్ఫ్, డైనమో పని చేసే ఒక పెద్దాయన దాన్ని చూశాడు. ఆయన ఏమీ విప్పలేదు. జంపర్ కేబులు ఒకటి తీసి, ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన నేరుగా ఇంజను ఇనుముకు పట్టించి "ఇప్పుడు కొట్టు తమ్ముడూ" అన్నాడు. సెల్ఫ్ కొత్త బండిలా తిరిగింది. జబ్బు ఎర్త్‌లో ఉంది. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే జడలాంటి రాగి పట్టీ, బురదలో నాని, పచ్చగా చిలుము పట్టి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. కొత్త పట్టీకి, కూలికి కలిపి అయిన ఖర్చు ఒక పూట డీజిలు ఖర్చంత కూడా లేదు.

ఎర్త్ పట్టీ ఎందుకంటే, ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కు కట్టి ఉంటే, సెల్ఫ్‌కు వెళ్ళిన కరెంటంతా ఆ ఒక్క పట్టీ గుండానే తిరిగి రావాలి. అది తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఎక్స్‌లేటరు కేబులు, గేరు కేబులు లాంటివి దాని దారి అవుతాయి. సెల్ఫ్ కొట్టగానే ఏదైనా కేబులు వేడెక్కుతున్నా, పొగ వాసన వస్తున్నా ఇంకేమీ వెతక్కండి, ముందు ఎర్త్ చూడండి.

"లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా అయ్యగారూ, వైర్లు బాగున్నట్టేగా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న మంచిది. ఒక హెడ్‌లైటు తాగేది నాలుగైదు ఆంపియర్లు. చల్లటి ఉదయం డీజిలు ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ తాగేది రెండు మూడు వందల ఆంపియర్లు. కాలిబాట మీద మనిషి నడవగలడని లారీ కూడా పోతుందనుకోగలమా? 300 ఆంపియర్లు వెళ్తున్న చోట ఒక ఓమ్‌లో నూరోవంతు అడ్డు ఉంటే చాలు, 3 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. ఉన్న 12లో 3 పోతే సెల్ఫ్ మూలగక ఏం చేస్తుంది? టెర్మినల్ మీద పేరుకున్న ఆ తెల్లటి బూజు చేసే పని ఇదే.

కాబట్టి మొదటి పని, ఖర్చు లేని పని. ముందు మైనస్, తర్వాత ప్లస్ టెర్మినల్ విప్పండి. వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడగండి. ఆ నీళ్ళు బ్యాటరీ గదుల్లోకి పోనివ్వకండి. లోపలి ముఖాన్ని ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలిన్ పూయండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తర్వాత. ఇదే శ్రద్ధ కేబులు రెండో కొన మీద కూడా పెట్టండి. మనవాళ్ళు బ్యాటరీ దగ్గర శుభ్రం చేస్తారు, ఛాసిస్ దగ్గరి బోల్టు ఎక్కడుందో కూడా చూడరు.

తర్వాత మీటరు. మూడు నాలుగు వందలకు వచ్చే సాదా మల్టీమీటరు చాలు. రాత్రంతా నిలబడిన బండిలో, తాళం పెట్టకముందు చూస్తే నిండు బ్యాటరీ 12.6 చూపిస్తుంది. 12.2 ఉంటే సగమే ఉందని అర్థం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇప్పుడు మీటరు బ్యాటరీ మీదే ఉంచి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇక్కడే నిజం బయటపడుతుంది. సెల్ఫ్ మూలుగుతున్నా బ్యాటరీ మీద 11 దగ్గర నిలబడితే బ్యాటరీ నిర్దోషి. దాని దగ్గర శక్తి ఉంది, వెళ్ళే దారి లేదు. కేబుళ్ళు, ఎర్త్, సెల్ఫ్ సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు చూడాలి. 9.6 కంటే కిందికి జారిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. లేదా బుష్షులు అరిగి సెల్ఫ్ మోటారు లోపల ఆర్మేచరు రాసుకుంటూ, తాగకూడనంత కరెంటు తాగుతుండాలి. నిండా ఛార్జి ఎక్కించిన వేరే మంచి బ్యాటరీ పెట్టినా అలాగే జారితే సెల్ఫ్ విప్పించండి.

దారిలో అడ్డు ఎక్కడుందో కూడా మీటరే చెబుతుంది. ఒక పుల్ల బ్యాటరీ మైనస్ ముక్కు మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 దాటి చూపిస్తే ఎర్త్ వైపు దొంగ ఉన్నాడు. అదే విధంగా బ్యాటరీ ప్లస్ ముక్కుకూ సెల్ఫ్ మీది లావు బోల్టుకూ మధ్య 0.5 దాటకూడదు. అయిదు నిమిషాల పని.

బ్యాటరీ నిజంగానే పోయే సందర్భాలు లేవని కాదు. మన బ్యాటరీలను చంపేది చలి కాదు, ఎండాకాలం. మే నెలలో కొండ దిగి మైదానంలో తిరిగినప్పుడు నీళ్ళు ఇగిరిపోయి, పలకలు తేలి, సగం చచ్చి ఉంటుంది. వేసవిలో ఇంజను తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు. చలి వచ్చాక నూనె చిక్కబడుతుంది, సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం కూడా దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అప్పుడు మూలుగుతుంది. మే నెలలో డిస్టిల్ వాటరు పోసినవాడికి డిసెంబరులో ఈ బాధ తక్కువ. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వరకు చూపించాలి. 13 కూడా దాటకపోతే డైనమో బెల్టు వదులైందేమో చూడండి. కొత్త బ్యాటరీ వేసినా అది నింపేవాడు లేక మళ్ళీ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత, క్యాబిన్ నిండా పాటల పెట్టెలు, నీలం లైట్లు పెట్టుకునే తమ్ముళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. వాళ్ళకే తెలుసు.

ఇక రెండో జబ్బు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. ఒకరిని సైలెన్సరు దగ్గర నిలబెట్టండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పొగ అసలు రాకపోతే డీజిలు సిలిండర్లకు చేరడం లేదు. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిలు చేరుతోంది, మండడం లేదు. ఈ ఒక్క గమనికతో సగం వెతుకులాట తప్పుతుంది.

పాత బండ్లలో పొగ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం గాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు పీల్చే పైపు. అందులో సన్నటి పగులు ఉంటే డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద చుక్క కనబడదు, ఎవరికీ అనుమానం రాదు. రాత్రంతా ఆ గాలి మెల్లగా ఎక్కి డీజిలు ట్యాంకుకు జారిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు హ్యాండ్ పంపును గట్టిపడేదాకా నొక్కి చూడండి. అప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటే జబ్బు దొరికినట్టే. మన ఊళ్ళలో ఇంకో పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. ఒక రాత్రి బండి ముక్కు ఎత్తు వైపు పెట్టి, ఇంకో రాత్రి పల్లం వైపు పెట్టి నిలపండి. పల్లం వైపు పెట్టిన రోజు చక్కగా స్టార్ట్ అయి, ఎత్తు వైపు పెట్టిన రోజు సతాయిస్తే డీజిలు వెనక్కి జారుతోందన్న మాట. రబ్బరు పైపులు, క్లిప్పులు, ఫిల్టరు సీలు, రాగి వాషర్లు చూడండి. రాగి వాషరు ఖరీదు ఎంతో మీకు తెలుసు. ఫిల్టరు కింది మర విప్పి నీళ్ళు దింపడం కూడా మరిచిపోవద్దు, డ్రమ్ముల్లో తెచ్చి పోసే డీజిలైతే మరీ.

తెల్లపొగ వచ్చే బండి సంగతి వేరు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనైతే వాటిని చూడాలి. లేకపోతే నాజిళ్ళు, పంపు టైమింగు, కంప్రెషను. ఇక్కడ కూడా ఇంజను దింపకముందు ట్యాపెట్లు చూపించండి. ట్యాపెట్ గ్యాపు మరీ తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి నిలవదు. అది గంట పని. అన్నీ చూశాక, నడుస్తున్న ఇంజనులో ఆయిల్ మూత తీస్తే రైలింజను లాగా భుస్సుభుస్సుమని కొడుతుంటే, లీటర్ల కొద్దీ ఆయిల్ తాగుతుంటే, అప్పుడు ఒప్పుకోవాలి. రింగులు అరిగాయి. అలాంటి బండ్లూ ఉన్నాయి. వాటికి ఎర్త్ పట్టీ మందు కాదు. అబద్ధపు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

కొన్ని పనులు మాత్రం చేయొద్దని బతిమాలుకుంటున్నాను. లారీ ఆపి దాని బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వమని అడగకండి. పెద్ద లారీలకు రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, మన పికప్‌కు 12. ట్రాక్టరైతే సాధారణంగా 12 ఉంటుంది, అయినా చూసుకోండి. జంపరు పెట్టేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పును డౌనైన బ్యాటరీ మీద కాకుండా దూరంగా ఇంజను ఇనుముకు తగిలించండి. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసుకు నిప్పురవ్వ చాలు, పేలుతుంది, యాసిడ్ కళ్ళలో పడుతుంది. పెట్రోలు గుడ్డ అంటించి గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టే పద్ధతిని ఎవరైనా మహా తెలివి అనుకుంటే, చేతులు కాల్చుకున్నవాళ్ళను ఒకసారి అడగమనండి. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి పట్టుకోకండి, అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. చీకట్లో, ఘాట్ వంపులో, చిన్నపిల్లల చేత బండి తోయించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. తోస్తే స్టార్ట్ అవుతుంది, నిజమే. వెనక వచ్చే బండికి ఆ పిల్లలు కనబడరు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ పెద్దాయన జంపరు కేబులుతో జబ్బు పట్టుకున్నప్పుడు మన తమ్ముడు ఏమన్నాడో తెలుసా? "ఇంతేనా? దీనికేం తీసుకుంటావులే బాబాయ్" అన్నాడు. ఆయన నవ్వేసి పట్టీ డబ్బులు, కాస్త కూలి తీసుకున్నాడు. అంతకుముందు తప్పుడు బ్యాటరీ అమ్మినవాళ్ళకు వేలు లెక్కపెట్టి ఇచ్చిన చెయ్యే అది. చేతికి కొత్త వస్తువు వస్తే డబ్బిస్తాం. ముప్పై ఏళ్ళ అనుభవంతో ఏ వస్తువూ అక్కర్లేదని చెప్పినవాడికి ఇవ్వం. ఇలా ఉంటే మెకానిక్కు ఏం నేర్చుకుంటాడు? వెతికితే నష్టం, మారిస్తే లాభం అని నేర్చుకుంటాడు. వాడికీ ఇల్లుంది, వాడికీ కిస్తీలున్నాయి.

"చూసినందుకే డబ్బిస్తే, చూసినట్టు నటించి తీసుకుంటారు" అని కొందరంటారు. కావచ్చు. అందుకే ఊరికే ఇవ్వమనడం లేదు. ముందే మాట్లాడుకోండి: చూడడానికి రెండు వందలు, ఏం చూశావో నా ముందే చూపించాలి, మీటరు అంకెలు ఒక చీటీ మీద రాయాలి. నిజంగా చూసేవాడు ఈ మాటకు సంతోషిస్తాడు. మొహం చిట్లించేవాడి సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఆ చీటీ దాచుకోండి. వచ్చే ఏడాది అదే బండికి 11 చూపించిన చోట 9 చూపిస్తే, బ్యాటరీ నిజంగా ముసలిదైందని మీ కాగితమే చెబుతుంది. అప్పుడు కొనండి, సంతోషంగా కొనండి.

ఆ తమ్ముడి బండి అమ్మలేదు. కిస్తీలు ఇంకా కడుతున్నాడు. పోయినవారం పెద్దాయన దగ్గరికి వెళ్ళి రెండు వందలు ఇచ్చి వచ్చాడట, ఆలస్యంగానైనా.

మందిరం పక్క గదిలో ఒక మల్టీమీటరు, ఒక జత జంపరు కేబుళ్ళు ఉంచాం. ఎవరైనా తీసుకెళ్ళవచ్చు, ఆరాధనకు వచ్చేవాళ్ళకే అని ఏమీ లేదు. సాయంత్రానికి తిరిగి పెట్టి పుస్తకంలో రాయండి. ఒకే ఒక్క మనవి: ఎర్ర వైరును 10 ఏ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తగిలించకండి. వోల్టు గుర్తున్న రంధ్రంలోనే పెట్టండి. ఇప్పటికే ఒక ఫ్యూజు పోయింది, రెండోది డబ్బాలో ఒక్కటే ఉంది.